దుప్పటికి అవతలి కొస

ఆవిడకి మఠంలో పెట్టిన పేరు చాలా పొడుగు. సగం ఒక పునీతుడిది, సగం ఇంకో పునీతురాలిది. ఆవిడ పనిచేసిన దేశం వాళ్ల నోటికి అది ఎంతకీ తిరగలేదు. అందుకని వీధి వీధంతా కలిసి గుండెచప్పుడు సిస్టర్ అని పిలవడం మొదలుపెట్టింది. కడుపుతో ఉన్నావిడ ఎవరైనా వచ్చి బల్లమీద పడుకోవడమే ఆలస్యం, పొట్టమీద జెల్లు రాసి, స్కానింగ్ మెషిన్ తెరని ఆమె వైపు తిప్పి, శబ్దం పెంచి, "అదిగో, అదిగో, విను" అని ఆ తల్లికంటే ముందు తనే మురిసిపోయేది. ఆ చప్పుడు వినీ వినీ ఎవరికైనా విసుగు రావాలి. ఈవిడ మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే మొహం పెట్టేది. మొదట్లో కొందరు అది నటన అనుకున్నారు. నటించడమే చేతనైతే ఆవిడ మఠంలో అన్ని చీవాట్లు తినేది కాదు.

పుట్టింది సముద్రానికి అవతల, ఇంకో దేశంలో. తండ్రి బస్సు డ్రైవరు. ఇంట్లో ఆడపిల్లలకి కొదవ లేదు. ఒకరోజు బడికి మిషనరీ సిస్టర్లు వచ్చారు. కడుపులో బిడ్డని ఉంచుకోవాలా వద్దా అని కొట్టుమిట్టాడే తల్లుల కోసం దూరదేశాల్లో పనిచేస్తున్నామని చెప్పి, మాతో సముద్రం దాటి ఎవరొస్తారని అడిగితే, అందరికంటే ముందు ఈ పిల్ల చెయ్యెత్తింది. "నేను ఎత్తింది సముద్రం చూడ్డానికి. ఎత్తిన చెయ్యి దేవుడు మళ్లీ దించనివ్వలేదు," అని తర్వాత్తర్వాత నవ్వుతూ చెప్పేది. తల్లి గుండెలు బాదుకుంది. తండ్రి తన బస్సులోనే ఎక్కించుకుని మఠం దాకా తీసుకెళ్లాడు. దారిపొడవునా నోరు విప్పలేదు గానీ, టికెట్ అడిగిన కండక్టరు మీద మాత్రం ఇంతెత్తున లేచాడు.

సిస్టర్‌గా మాటపట్టు జరిగిన రోజున మఠం గుడిలో పీఠం ముందు బోర్లా పడుకుని లేచి, పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని దేవుడికి మాట ఇచ్చింది. మొదటి రెండింటి గురించి పెద్దగా బెంగపడలేదు. డబ్బు పుట్టింట్లోనూ లేదు. మొగుళ్ల సంగతి అక్కల కాపురాల్లో చూస్తూనే ఉంది. విధేయత అంటే పెద్దవాళ్లు చెప్పింది వినడమేగా, చిన్నప్పటినుంచీ చేస్తున్నదేగా అనుకుంది. చివరికి ఆవిడ మెడకి చుట్టుకున్నది అదే.

సిస్టర్ల ఇల్లు ఒక ఇరుకు వీధిలో ఉండేది. కింద స్కానింగ్ గది, దాని ముందు గోడకి చేరేసిన బెంచీ, పసిపిల్లల బట్టలూ పాలడబ్బాలూ పెట్టిన బీరువా. పైన, నిలువ నీడ లేని తల్లులు పురుడు పోసుకునేదాకా ఉండే గదులు. ఆ ఇంట్లో ఆవిడ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆవిడ నమ్మకం ఒక్కటే. తల్లి ఆ చప్పుడు ఒక్కసారి వింటే చాలు, ఇంక బిడ్డని వదులుకోదు. విన్నాక కూడా వదులుకున్న వాళ్లున్నారు. వాళ్ల కోసం జపమాల పట్టుకుని ఏడ్చేది, మర్నాడు మళ్లీ తెర తిప్పేది. వీధిలో కొందరికి ఆవిడంటే ప్రాణం. కొందరికి ఒళ్లుమంట. మా కడుపుల సంగతి పెళ్లీ పెటాకులూ లేని ఈవిడకెందుకని మొహం మీదే అనేవాళ్లు. "నాకు కాకపోతే ఇంకెవరికుంది తీరిక?" అని నవ్వేసేది.

ఆ మఠానికి ఒక పద్ధతి ఉంది. ఏడాదికోసారి, పొద్దుటి ప్రార్థన అయ్యాక, మఠాన్ని నడిపే మదర్ బదిలీలు చెబుతుంది. పేరు వచ్చిన సిస్టర్ లేచి నిలబడి "సిద్ధంగా ఉన్నాను" అనాలి. ఎక్కడికని గానీ, ఎందుకని గానీ అడగకూడదు. పెట్టె సర్దుకుని బయల్దేరాలి. వెళ్తున్నానని బయటివాళ్లకి చెప్పకూడదు. జనం పనిని నమ్ముకోవాలి గానీ మనిషిని పట్టుకుని వేలాడకూడదని మఠం పెట్టిన పెద్దావిడ ఉద్దేశం. ఆ పెద్దావిడ ఏనాడో కన్నుమూసింది, పద్ధతి మాత్రం మిగిలింది.

ఊళ్లో పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేది. సిస్టర్ చేసే పని ఆవిడకి నచ్చదు, సిస్టర్ అంటే మాత్రం ఇష్టం. రోగుల్ని అప్పగించడానికి వెళ్లినప్పుడల్లా ఇద్దరూ టీ తాగుతూ పోట్లాడుకునేవాళ్లు. ఒకరోజు డాక్టరమ్మ కప్పు కింద పెట్టి, "నీ పని కాన్పుతో అయిపోతుంది సిస్టర్. ఆ ఆడమనిషి పని అప్పుడు మొదలవుతుంది. అప్పుడు నువ్వెక్కడుంటావ్?" అంది. మామూలుగా ఏ మాటకైనా తడుముకోకుండా జవాబిచ్చే మనిషి, ఆ రోజు టీ సగంలో వదిలేసి వచ్చేసింది. దారంతా ఆ మాట కాలిలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

సరిగ్గా ఆ పూటే ఇస్త్రీ ఆవిడ వచ్చింది.

వీధి మలుపులో ఆమె కొట్టు. హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, సిస్టర్ల ముసుగులు, అన్నీ ఆమె బల్లమీదకే వచ్చేవి. చేతిలో పని ఎంత ఉన్నా గుడ్డ మీద చిన్న మచ్చ పడనిచ్చేది కాదు. నోరు మాత్రం ఇస్త్రీ పెట్టె కంటే వేడి. మొగుడు వేరే ఊళ్లో పని దొరికిందని వెళ్లి, ఆ ఊళ్లోనే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి వచ్చి బుద్ధొచ్చిందని కాళ్లావేళ్లా పడి, కొన్నాళ్లుండి మళ్లీ మాయమయ్యాడు. బడికెళ్లే పిల్లలిద్దరూ, ఇప్పుడు కడుపులో ఇంకొకరూ ఆమెకి మిగిలారు.

"ఎన్నో నెలో చెప్పండి చాలు సిస్టర్. కడుపు తీయించుకోవాలంటే పెద్దాసుపత్రిలో అడుగుతారట," అని బల్లమీద పడుకుంది.

"చెప్తాను. ముందు ఇటు చూడు."

"చూడను."

"పోనీ విను."

"నాకింట్లో ఇద్దరున్నారు. ఆకలేస్తోందని వాళ్లు అరిచే అరుపు రోజూ వింటున్నాను, అది చాలు."

సిస్టర్ తెర తిప్పింది, శబ్దం పెంచింది. గదంతా ఆ టకటక నిండిపోయింది. ఆమె కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. కాసేపటికి, కళ్లు తెరవకుండానే, "మీరు పెంచుతారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న చాలామంది అడిగిందే. దానికి సిస్టర్ల దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు ఉంది. మా ఇల్లు నీకు అండగా ఉంటుంది, దేవుడు దారి చూపిస్తాడు. కానీ డాక్టరమ్మ ముల్లు ఇంకా లోపలే ఉంది. ఆవిడ నోట ఇంకో మాట వచ్చింది.

"నేనుంటాను. పురుడు దగ్గర నేనుంటాను. నువ్వు మళ్లీ బల్ల దగ్గర నిలబడేదాకా, ఆ బిడ్డ నడిచి బడికి వెళ్లేదాకా, పగలంతా నేను చూసుకుంటాను. ఎవరినో పంపించడం కాదు. నేనే."

ఆమె కళ్లు తెరిచి సిస్టర్ మొహంలోకి చూసింది. "మాట తప్పరు కదా?"

"సిస్టర్లు ఎక్కడైనా మాట తప్పుతారా?" అని గుండెచప్పుడు సిస్టర్ నవ్వింది. ఆ క్షణాన ఆవిడకి అబద్ధం ఆడుతున్నానని అనిపించలేదు. మనసా వాచా నిజమే చెప్పింది. పాపం, తన బతుకు తన చేతిలో లేదన్న సంగతే ఆ నిమిషానికి గుర్తు రాలేదు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు గది ఖాళీ అవగానే సిస్టర్ ఇస్త్రీ కొట్టుకి వెళ్లేది. హోటలు దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. మొగుడు వదిలేసి వెళ్లినప్పటినుంచీ ఆమె ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార జాపి ఒక్కతే మడిచేది. మెడ పట్టేసేది. కడుపు పెరిగాక అదీ కుదరలేదు. సిస్టర్ అవతలి కొస పట్టుకుంది. ఇద్దరూ లాగి దులిపి, దగ్గరికి వచ్చి, మూలకి మూల కలిపి, మళ్లీ దూరం జరిగి, మళ్లీ దగ్గరికి. మొదట్లో సిస్టర్ మడతలు ఎప్పుడూ వంకరే.

"మీ దేశంలో దుప్పట్లుండవా?"

"ఉంటాయి. మడతపెట్టేంత ఓపిక ఉండదు."

"అందుకే ఇక్కడికి తరిమేసుంటారు."

నవ్వుకునేవాళ్లు. ఆమె నవ్వడం పిల్లలకే వింతగా ఉండేది. పుట్టబోయేది ఆడపిల్లయితే మీ పేరు పెడతానంది ఒకసారి. అంత పొడుగు పేరుతో పిలిస్తే పిల్ల పలికేలోపు తెల్లారిపోతుందంది సిస్టర్. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా దుప్పటి వదిలేసి, సిస్టర్ చెయ్యి లాక్కుని పొట్టమీద పెట్టుకునేది. ఇన్నేళ్లుగా తెరమీద చూస్తున్నదాన్ని సిస్టర్ అరచేతికింద తెలుసుకుంది. ఆవిడ జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు లేవు.

నెలలు నిండుతుండగా బదిలీల పొద్దు వచ్చింది. ప్రార్థన అయింది. మదర్ చెప్పిన మొదటి పేరు ఆ పొడుగు పేరే. సిస్టర్ లేచి నిలబడింది. పక్కనున్న సిస్టర్ మోచేత్తో పొడిచాక, "సిద్ధంగా ఉన్నాను," అంది. అందరూ వెళ్లిపోయాక మదర్ గది తలుపు తట్టింది.

మదర్ పెద్ద వయసు మనిషి. మోకాళ్ల నొప్పులు, మెత్తటి గొంతు. గట్టిగా కోప్పడితే తిరిగి వాదించవచ్చు. ఆవిడతో ఆ సౌకర్యం కూడా లేదు.

"కాన్పు దాకా ఆగనివ్వండి మదర్. ఆమెకి మాటిచ్చాను."

"నువ్వెళ్లే ఊళ్లో మెషిన్ వచ్చి మూల పడుంది. పట్టుకునేవాళ్లు లేరు. ఎంతమంది తల్లులు వచ్చి తిరిగిపోతున్నారో నీకు తెలుసా?"

"తెలీదు. ఈమె తెలుసు."

"ఆ మాట మనిల్లు ఇచ్చిందా, నువ్విచ్చావా?"

"నేనే ఇచ్చాను."

మదర్ మోకాలు రాసుకుంది. "పీఠం ముందు పడుకుని నిన్ను నువ్వు ఒకసారి ఇచ్చేశావు. ఇచ్చేసినదాన్ని మళ్లీ ఇంకొకరికి ఎలా ఇచ్చావమ్మా?" అంది. "ఆమెని మనిల్లు వదలదు. పాలు, బట్టలు, పురుడు, బిడ్డని పగలు చూడ్డం, అన్నీ నేను దగ్గరుండి చేయిస్తాను. అది నా మాట. నువ్వు మాత్రం వెళ్లాలి."

సిస్టర్‌కి మదర్ చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అదే ఆవిడకి ఊపిరాడకుండా చేసింది. ఎదిరించి ఉండిపోవాలనుకుంది. ఉండిపోతే ముసుగు తీసేయాలి. మర్నాడు ఆ స్కానింగ్ గది గడప కూడా తొక్కనివ్వరు, ఆ దేశంలో ఉండటానికి కాగితాలూ ఉండవు. ఎటు తిరిగినా గోడే కనిపించింది. గుడిలో మోకాళ్లమీద కూర్చుని దేవుణ్ణి అడిగింది. ఆయన కూడా మదర్ లాగే మెత్తగా కాదన్నట్టే అనిపించింది.

చెప్పకుండా వెళ్లడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. పద్ధతి తప్పి, ఇస్త్రీ కొట్టుకి వెళ్లింది. ఆమె నిండు పొట్టతో బల్లకి ఆనుకుని ఒక చొక్కా ఇస్త్రీ చేస్తోంది. సిస్టర్ చెప్పిందంతా పెట్టె ఆపకుండానే విన్నది.

"ఎక్కడికి?"

"చాలా దూరం."

"ఎప్పుడొస్తారు?"

"మాకు తిరిగి రావడం అంటూ ఉండదు."

"పురుడు?"

"కొత్త సిస్టర్ వస్తుంది. నాకంటే నెమ్మదస్తురాలు. అన్నీ మఠం చూసుకుంటుంది. మదర్ మాటిచ్చింది."

"నేను మఠాన్ని అడగలేదు."

సిస్టర్ ఏదో ఒకటి పట్టుకోవాలన్నట్టు, "ఆ రోజు గుండెచప్పుడు విన్నావుగా. ఆ బిడ్డ నీ దగ్గరుంది. నేను లేకపోయినా..." అంది.

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"నేను వినలేదు సిస్టర్. మీరు తెర తిప్పారు, నేను కళ్లు మూసుకున్నాను. శబ్దం పెంచారు, హోటలు వాళ్ల దుప్పట్లు ఇంకా ఆరలేదే అనుకుంటూ పడుకున్నాను. ఆ తర్వాత మీరు నేనుంటాను అన్నారు. అది విన్నాను. ఇప్పుడు నాకు వెనక్కి పోయే దారి కూడా లేదు, మీరేమో వెళ్తున్నారు."

కసిరినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బల్లమీద సిస్టర్ల ముసుగులు ఇస్త్రీ చేసి పేర్చి ఉన్నాయి. అందులోంచి సిస్టర్ ముసుగు వెతికి తీసి, చేతిలో పెట్టి, మళ్లీ చొక్కా అందుకుంది. సిస్టర్ ఇంకాసేపు నిలబడి, ఆమె తలెత్తకపోయేసరికి వచ్చేసింది.

కొత్త ఊళ్లోనూ మెషిన్ అదే, బల్ల అదే, బీరువా నిండా పాలడబ్బాలూ అవే. కానీ తెర తిప్పుతుంటే చెయ్యి ఆగేది. ఇన్నేళ్లూ ఆ తల్లులు విన్నది ఏమిటి? చప్పుడా, తన గొంతా? ఇంకెంతమంది కళ్లు మూసుకుని పడుకుని, తన మొహం చూసి ఒప్పుకున్నారు? వాళ్లలో ఒక్కరి ఇంటికైనా తర్వాత వెళ్లి చూసిందా? ఈ ఆలోచన పట్టుకున్నాక మునుపటిలా మురిసిపోవడం ఆవిడకి చేతకాలేదు. మీరుంటారా అని ఎవరైనా అడిగితే, "నేనుంటానో లేదో నాకే తెలీదు. ఈ ఇల్లుంటుంది," అనేది. అలా అన్నాక కొందరు జెల్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయారు. వెళ్లిన ప్రతి ఒక్కరూ ఆవిడ గుండెమీద ఒక బరువు పెట్టి వెళ్లారు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే బిడ్డ అన్న నమ్మకం ఇసుమంత కూడా సడలలేదు. తన మీద నమ్మకమే పోయింది.

పాపసంకీర్తనంలో ఫాదర్ దగ్గర చెప్పుకుంది. పెద్దల మాట వినడంలో పాపం లేదమ్మా అన్నాడు ఆయన. "వినడంలో లేదు ఫాదర్, ఉంటాను అనడంలో ఉంది," అంది. ఆయన ఒక జపమాల చెప్పమన్నాడు. ఆ శిక్ష ఆవిడకి మరీ చవగ్గా అనిపించింది.

పాత ఇంటినుంచి ఫోన్ వచ్చినప్పుడు కబురు తెలిసింది. ఇస్త్రీ ఆవిడ సిస్టర్ల దగ్గరికి రాలేదు. నొప్పులొస్తే కొట్టు మూసి, నడుచుకుంటూ పెద్దాసుపత్రికి వెళ్లింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. మదర్ తన మాట ప్రకారం మోకాళ్ల నొప్పులతో స్వయంగా పాలడబ్బాలు మోయించుకుని వెళ్తే, ఆమె కూర్చోబెట్టి టీ ఇచ్చి, డబ్బాలు తిప్పి పంపేసింది. సిస్టర్ల ముసుగులు ఇస్త్రీ చేయడం మాత్రం మానలేదు.

ఏళ్లు గడిచాయి. మదర్ పోయింది. అంత్యక్రియలకి వెళ్లడానికి సిస్టర్‌కి అనుమతి దొరికింది. సాయంత్రం బస్సుకి తిరిగి బయల్దేరాలి. పూజ అయ్యాక, సమాధి మీద మట్టి వేశాక, కాళ్లు వాటంతటవే వీధి మలుపు వైపు నడిచాయి. ఇన్నేళ్లూ లోలోపల ఒక ఆశ దాచుకుంది. బిడ్డ బతికి ఉంది, పెరుగుతోంది. దాన్ని చూస్తే తల్లికి పాతదంతా చల్లారిపోయి ఉంటుంది. తనకీ ఒక్కరోజు కంటినిండా నిద్ర పడుతుంది.

కొట్టు అలాగే ఉంది. ఇస్త్రీ ఆవిడ జుట్టు కాస్త నెరిసింది. బల్ల పక్కన ఒక పిల్ల, బడి చొక్కా ఇంకా విప్పలేదు, గిన్నెలో చెయ్యి ముంచి బట్టలమీద నీళ్లు చల్లుతోంది. సిస్టర్ గుమ్మంలో నిలబడితే ఆమె ఒక్క క్షణం చూసి, గోడ వార బెంచీ చూపించి, "కూర్చోండి సిస్టర్," అంది, నిన్న కనబడ్డ మనిషితో అన్నట్టు.

పిల్ల దగ్గరికొచ్చి ముసుగు వంక, మొహం వంక చూసింది. "ఉంటానని వెళ్లిపోయిన సిస్టర్ నువ్వేనా?"

"అలా అనకూడదు," అంది తల్లి.

"నువ్వేగా అన్నావ్."

"నేనేనమ్మా," అంది సిస్టర్. కళ్లనిండా నీళ్లు. ఆ పిల్ల చెంప తాకి, తల్లి వైపు తిరిగి, "ఎంత బంగారంలా ఉంది. దేవుడు..." అని మొదలుపెట్టింది.

"ఇది నా ప్రాణం సిస్టర్," అంది ఇస్త్రీ ఆవిడ. "దీన్ని కన్నందుకు ఒక్కనాడు కూడా అయ్యో అనుకోలేదు. కానీ దీన్ని చూసుకుని మీ మాట తీరిపోయిందనుకోకండి. అది వేరు, ఇది వేరు."

సిస్టర్ తలూపింది.

"ఇప్పుడుంటావా?" అని అడిగింది పిల్ల.

"లేదమ్మా. సాయంత్రం బస్సుంది."

పిల్లకి ఆ జవాబు కొత్తగా ఏమీ అనిపించలేదు. తల్లి ఉతికిన దుప్పట్ల మూట విప్పింది. పిల్ల గోడ వారనున్న స్టూలు లాక్కొచ్చి ఎక్కి, రెండు చేతులూ జాపి నిలబడింది. తల్లి దుప్పటి విసిరితే అవతలి కొస అందుకుంది. చేతులు ఇంకా పొట్టివి, దుప్పటి మధ్యలో నేలకి జారుతోంది. సిస్టర్ తనకి తెలీకుండానే లేచి, చేతులు చాచి ముందుకొచ్చింది.

"వద్దు సిస్టర్," అంది ఇస్త్రీ ఆవిడ. "దానికి అలవాటైపోయింది."

పిల్ల స్టూలు దిగి తల్లి దగ్గరికి నడిచి, మూలకి మూల కలిపి, మళ్లీ వెళ్లి స్టూలెక్కింది. సిస్టర్ వెనక్కి వచ్చి బెంచీమీద కూర్చుంది. బస్సు వేళయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల కొస జారనివ్వకుండా పట్టుకోవడం చూస్తూ ఉండిపోయింది.